తిమ్మక్క ఎర్రచీర

బెంగళూరు ప్రదర్శనకు నేను తీసిన ఫొటో ఎంపికైందన్న కబురు కర్నూలులో నాకు మొదట చెప్పింది మా ఆడపడుచు వసంత. దేవుడి దయ అనుకున్నాను. నిర్వాహకులు మాత్రం, నలుపు తెలుపులో ఉంటేనే కళ అన్నారు. సరేనని, బెంగళూరు పక్కనున్న ఆనేకల్‌లో మగ్గం నేసే తిమ్మక్క ఫొటోలో ఆవిడ ఎర్రచీరకు రంగు తీయించి, అక్కడే ఫ్రేములు కట్టే ఒక ముసలాయనకు ఇచ్చాను. ఆయన ఫ్రేముకు దండ వేసే మేకు కూడా కొట్టేశాడు.

"ఈయమ్మ ఎప్పుడు పోయినాదమ్మా?"

"అయ్యో, బతికే ఉంది!"

"ఉండాదా? మరి బతికుండే మనిషికి రంగెందుకు తీసినావు తల్లీ? మేము పోయినోళ్లకే అట్ల చేసేది."

సిగ్గుపడి రంగు ఫొటోనే కట్టించి పట్టుకెళ్లాను. అది క్యాలెండరు బొమ్మలా ఉందని ఆ కళాహృదయులు గుమ్మంలోనే తిప్పి పంపారు. ఇప్పుడది తిమ్మక్క మగ్గం ఎదురుగా ఉంది.

దీపం పెట్టేటప్పుడు తిమ్మక్కను ఒక్కసారి తలుచుకోండి. ఆవిడ బతికే ఉంది.