చేతికి తగిలిన బంతి

అమెరికాలో క్యారీ అనే ఊరు ఇప్పుడు మనవాళ్లతో నిండిపోయింది గానీ, ఎనభైల మొదట్లో మేము ఉన్నది అక్కడికి గంట దూరంలో, ఒక నూలు మిల్లుల ఊళ్లో. నా భార్యకు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం. విజయవాడలో ఒక దినపత్రికకు క్రికెట్ వార్తలు రాసిన అనుభవంతో నేను ఆ ఊరి పత్రికలో స్పోర్ట్స్ డెస్క్‌లో చేరాను. ఊరి బేస్‌బాల్ జట్టుకు స్కోరరుగా ఉన్న పెద్దాయన మోకాళ్ల నొప్పులతో మానుకున్నప్పుడు, ఆ పని కూడా నాకే అంటగట్టారు.

అక్కడ స్కోరరు పరుగులు లెక్కపెడితే సరిపోదు. బ్యాటరు బంతి కొట్టి, ఔటవకుండా బేస్ అనే మజిలీకి చేరితే అది అతని గొప్పా, ఫీల్డరు తప్పా అన్నది అప్పటికప్పుడు తేల్చాలి. అతని గొప్పయితే హిట్. ఫీల్డరు తప్పయితే ఎర్రర్, మర్నాడు పేపర్లో ఆ ఫీల్డరు పేరుతో అచ్చవుతుంది. క్రికెట్ స్కోరుకార్డులో క్యాచ్ వదిలినవాడి పేరు కనపడదు కాబట్టి, ఈ పద్ధతి నాకు మహా న్యాయంగా తోచింది. పల్టీ కొట్టి అందుకున్న బంతీ, నిలబడ్డ చోటే చేతిలో పడ్డ బంతీ మాత్రం పుస్తకంలో ఒకే గుర్తుగా మిగులుతాయి. దాని గురించి నేను ఆలోచించలేదు.

మాది చాలా కింది మెట్టు జట్టు. దాని మంచిచెడ్డలన్నీ ఎక్కడో నగరంలో ఉన్న పెద్ద జట్టు ఆఫీసు చూసేది. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడేవాణ్ణి షార్ట్‌స్టాప్ అంటారు. ఆ చోటికి మాకు ఇద్దరుండేవాళ్లు. దాదాపు రోజూ ఆడేవాడు బక్కపల్చటి మనిషి, మాట తక్కువ, బ్యాటింగ్ అంతంతమాత్రం. జట్టులో అందరికంటే ఎక్కువ ఎర్రర్లు అతనివే. రెండోవాడు బ్యాటు బాగా ఝళిపిస్తాడు. ఎర్రర్లు లేవనే చెప్పాలి.

జూన్ చివర్లో ఒక ఆదివారం, ఆటకు ముందు, జట్టును ఆడించే మేనేజరు నా దగ్గరికి వచ్చాడు.

"రేపు సాయంత్రం పెద్దాఫీసు వాళ్లు లెక్కలు అడుగుతారు. షార్ట్‌స్టాపులు ఇద్దర్లో ఒకణ్ణి ఇంటికి పంపాలట. వాళ్లు ఆట చూడరు, నువ్విచ్చే అంకెలు చూస్తారు."

"నువ్వు చెప్పొచ్చుగా?"

"చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. నాకు ఆ బక్కోడే కావాలి."

ఆ మధ్యాహ్నం, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆరోదాంట్లో ఒక బంతి నేలబారుగా దూసుకొచ్చింది, షార్ట్‌స్టాప్‌కు బాగా కుడివైపుగా. బక్కతను నాలుగంగల్లో అక్కడికి చేరి, నేలమీదికి దూకి చెయ్యి చాపాడు. బంతి గ్లవ్ అంచుకు తగిలి పక్కకు జారింది. అతను లేచేసరికి బ్యాటరు బేస్ మీద ఉన్నాడు.

"ఎర్రర్," అన్నాను మైకులో.

ఆట అయ్యాక మేనేజరు మెట్లెక్కి పైకొచ్చాడు. "అది ఎర్రరా?"

"చేతికి తగిలింది కదా."

"తగిలిందా! ఇంకొకడికైతే ఆ బంతి లేపిన దుమ్ము కూడా తగిలేది కాదు. మీ దేశంలో కాళ్లు కట్టేసుకుని ఆడతారా ఏంటయ్యా?"

నవ్వబోయి ఆగిపోయాను. చేతికి తగిలిన బంతిని వదిలితే అవకాశం పోగొట్టినట్టేనని మా విజయవాడ డెస్క్‌లో పెద్దలు నేర్పారు. ఎన్నో ఏళ్లు అలాగే రాశాను. ఇక్కడి నియమం వేరు. మామూలు ప్రయత్నంతో పట్టగలిగే బంతిని వదిలితేనే ఎర్రర్. ఆ నియమం నాకు కంఠతా వచ్చు. అయినా బంతి చేతికి తగలగానే నోట్లోంచి పాత తీర్పే వచ్చింది.

ఇంటికెళ్లినా కుదురు లేదు. డ్యూటీ నుంచి వచ్చి పెరుగన్నం తింటున్న నా భార్య తలెత్తింది.

"ఏమండీ, ఆ కాలు ఊపడం ఆపుతారా? టేబులంతా షేక్ అవుతోంది."

జరిగింది చెప్పాను. ఆమె నింపాదిగా ఆవకాయ నంజుకుంది.

"మా దగ్గర ఒక సర్జన్ ఉన్నాడులెండి. ఎవరూ టచ్ చెయ్యని కేసులన్నీ ఆయనే తీసుకుంటాడు. డెత్స్ కూడా ఆయనకే ఎక్కువ. పేపర్ మీద చూస్తే అంత చెత్త డాక్టర్ ఇంకోడు లేడు."

"మరి మీవాళ్లేం చేస్తారు?"

"ఏముందీ, మీటింగ్ పెట్టి ఆయన్ని తిడతారు."

తీర్పు మార్చుకోవడానికి స్కోరరుకు ఇరవై నాలుగు గంటల గడువుంటుంది. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పోయి పుస్తకం తెరిచాను. వార్త రాయడానికి పనికొస్తాయని అంచుల్లో పెన్సిల్‌తో రెండు మూడు మాటలు రాసుకోవడం నా అలవాటు. మే నెలలో బక్కతనికి వేసిన రెండు ఎర్రర్ల పక్కన నా రాతే ఉంది: "దూకాడు, తగిలింది." రెండోవాడు ఆడిన రోజుల్లో హిట్ల పక్కన, "సందులోంచి పోయింది," "సందులోంచి పోయింది." అన్నీ ఆ కుడివైపు బంతులే. వెళ్లి అందుకోబోయినవాడికి ఎర్రర్. కదలనివాడికి ఏమీ లేదు. రెండోవాడు ఆడిన రోజుల్లో, ఔట్లు దొరక్క ఇంకా ఇంకా బంతులు విసరాల్సొచ్చి, బంతి విసిరే పిచ్చర్లు ఎంత తొందరగా అలిసిపోయేవారో కూడా నేను ఎప్పుడూ రాయలేదు.

కుర్చీలో కూర్చోలేకపోయాను. రెండుసార్లు కారు వేసుకుని మైదానానికి వెళ్లి, ఆ నాలుగంగలూ నేనే వేసి చూశాను. నాకు తొమ్మిది పట్టాయి.

గడువు దాటకముందే ఆదివారం ఎర్రర్‌ని హిట్‌గా మార్చి మేనేజరుకు ఫోన్ చేశాను.

"మంచిది. మిగతావో?"

"మేలో రెండున్నాయి. వాటికి గడువు దాటింది."

"సరే, చదివెయ్ వాళ్లకి," అన్నాడు.

సాయంత్రం పెద్దాఫీసు గుమస్తాకు అంకెలన్నీ ఫోన్లో చదివాను. చివర్లో, ఈ షార్ట్‌స్టాప్ ఇతరులు చేరలేని బంతుల దగ్గరికి చేరతాడని, అతని ఎర్రర్లలో రెండు నా పొరపాటని చెప్పబోయాను.

"ఒక్క నిమిషం సర్, ఇది ఏ గడిలో వెయ్యాలి?" అన్నాడతను.

"గడి లేదు. పక్కన రాసుకోండి."

"పక్కన చోటు లేదు సర్." గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు.

మంగళవారం మధ్యాహ్నం నేను మైదానానికి చేరేసరికి బక్కతను కారు డిక్కీలో సంచీలు సర్దుకుంటున్నాడు. ఉదయమే వెళ్లిపొమ్మని చెప్పేశారట.

"ఆదివారంది మార్చారట. థాంక్స్ సర్."

"అది ఎర్రర్ కాదు."

"కాదు." డిక్కీ మూసి, మూత పడిందో లేదోనని ఓసారి లాగి చూశాడు. "మేలో రెండు కూడా కాదు సర్."

నిష్ఠూరం లేదు, టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు.

"తెలుసు," అన్నాను.

అప్పుడు నావైపు తిరిగాడు. "ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి."

తలాడించి కారెక్కాడు. నేను కిటికీ దగ్గరికి చేరేలోపే కారు కదిలింది.

ఆ సాయంత్రం ఆటలో షార్ట్‌స్టాప్‌గా రెండోవాడు దిగాడు. మూడో ఇన్నింగ్స్‌లో అదే సందులోకి బంతి వచ్చింది. అతను రెండంగలు వేసి ఆగాడు. బంతి వెనకాల గడ్డిలోకి దొర్లిపోయింది, ఒక పరుగు వచ్చింది. జనంలో ఒక్కరూ అతన్ని ఏమీ అనలేదు.

"హిట్," అన్నాను మైకులో. నియమం ప్రకారం ఇంకో మాట చెప్పడానికి లేదు. కింద పిచ్చరు కొత్త బంతి అందుకున్నాడు గానీ, వెంటనే విసరలేదు. ఆ సందువైపే చూస్తూ నిలబడ్డాడు.