దుఖాన్ దారిలో రాళ్ళవాన

మొన్న దోహాలో, అల్ సద్‌లోని మా ఫ్లాట్‌లో, బీరువా మీది పాత పెట్టె దించి మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఉన్ని రగ్గుల మడతల్లోంచి వచ్చే ఆ ఘాటు ముక్కుకి తగిలితే చాలు, నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనై, అదే ఊళ్ళో ఉమ్ ఘువైలినా పేటలో మేముండే చిన్న ఇంటి ముందు పళ్ళు టకటకలాడిస్తూ నిలబడిపోతాను.

చమురు డబ్బుతో ఊరంతా కొత్త గోడలు లేస్తున్న రోజులవి. కాకినాడ నుంచి వచ్చిన మా నాన్న దోహాకి దూరంగా, ఎడారి అవతలున్న దుఖాన్ చమురు బావుల దగ్గర ఇంజనీరు. వారానికో రోజు ఇంటికొచ్చేవారు. చలికాలమంటే పిల్లలకి పండగే: ఎండపొడ పడే గోడవారన చేరి కాకినాడ నుంచి తెచ్చుకున్న గచ్చకాయలాడటం, పొద్దున్నే ఇరానీ కొట్టు తందూరు నుంచి తెచ్చిన వేడి రొట్టెని అమ్మ కాచిన బెల్లం పాకంలో ముంచుకు తినడం, నోటితో పొగలూదుతూ సిగరెట్టు తాగే పెద్దల్ని వెక్కిరించడం.

ఆ ఏడు నాన్నకి పుట్టినరోజునాడు సెలవు దొరకలేదు. మేమే వెళ్దామని అమ్మ పెందలాడే లేచి పులిహోర కలిపి, గారెలు వండింది. కంపెనీ జీపు తెచ్చిన డ్రైవరు రాజయ్యది కరీంనగర్ వైపు పల్లె. గారెల గిన్నె పెట్టే చోటైనా మిగల్చకుండా అతను జీపు నింపేశాడు: నీళ్ళ డబ్బాలు, పార, తాడు, చక్రాల కింద వేసే చెక్కలు, ఫ్లాస్కు నిండా టీ. పైగా ఇంట్లో ఉన్న రగ్గులన్నీ తెమ్మన్నాడు.

“ఏంటి రాజయ్యా, మనమేమన్నా కాశ్మీరు వెళ్తున్నామా?” అని అమ్మ నవ్వింది.

“చలికాలం ఈ రోడ్డును నమ్మొద్దమ్మా. మొన్న పొగమంచుల లారీ గుద్ది మా క్యాంపోడు పోయిండు,” అన్నాడు రాజయ్య. నేనూ తమ్ముడూ అతని వెనక చేరి, వణుకుతున్నట్టు నటిస్తూ కిసకిసలాడాం.

సగం దారి దాటాక పడమటి ఆకాశం సీసం రంగుకి తిరిగింది. మొదట టాపు మీద ఎవరో గులకరాళ్ళు విసిరినట్టు చప్పుడు. ఆ వెంటనే నిమ్మకాయలంత వడగళ్ళు. ముందు అద్దం ఫెళ్ళున పగిలింది. చక్రాలు జారి, జీపు రోడ్డుకి అడ్డం తిరిగి ఆగిపోయింది. ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. వాన వెలిసి చూస్తే ఎడారి తెల్లగా ఉంది. ఇసుక లేదు, రోడ్డు లేదు, నిన్నటిదాకా నాకు తెలిసిన దేశమే లేదు. కేరింత కొట్టబోయేలోగా ఆ తెలుపులోంచి ఆవిరి లేచి, పదడుగుల దూరం కూడా కనపడకుండా కమ్మేసింది.

రాజయ్య నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. అతను తుడుచుకోలేదు. “యల్లా, దిగుండ్రి! రోడ్డు మీద ఉండొద్దు!” అని గద్దించాడు, ఏనాడూ గొంతెత్తని మనిషి. మమ్మల్ని రగ్గుల్లో చుట్టి, తమ్ముణ్ణి చంకనేసుకుని, రోడ్డుకి దూరంగా ఓ ఇసుక దిబ్బ వెనక కూర్చోబెట్టాడు. అమ్మ ఎర్ర శాలువా తీసుకుని, దాన్ని ఊపుతూ వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాడు. కాసేపటికి మనిషి కనపడలేదు, కేక మాత్రం వినిపించింది: “రుకో! రుకో!”

తర్వాత ట్యాంకరు హారను. బ్రేకులు కీచుమన్నాయి. అయినా ఆ బండి మంచు మీద ఆగలేదు. జారుకుంటూ వచ్చి, ఐదు నిమిషాల క్రితం మేం కూర్చున్న జీపుని రేకు డబ్బాలా నలిపి అవతలికి నెట్టేసింది. అమ్మ మా ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కుంది. “రుకో” అన్న కేక ఆగిపోయింది.

ట్యాంకరు నడిపే పఠాను కిందికి దూకి, నలిగిన జీపులోకి తొంగి చూసి, లోపల మేమున్నామనుకుని తల బాదుకుంటూ ఏడ్చాడు. అప్పుడు ఆవిరిలోంచి కుంటుకుంటూ వచ్చాడు రాజయ్య.

“పిల్లలు మంచిగున్నరా అమ్మా?”

అమ్మ అతని చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఆ ట్యాంకరులోనే దుఖాన్ చేరాం. నాన్న సాయంత్రం అక్కడికి వెళ్తే తడి ఇసుక, తుక్కయిన జీపు తప్ప ఏమీ లేవట. రాజయ్య నుదుటికి కుట్లు పడ్డాయి. “దుబాయిల మంచుగడ్డలు వడ్డయని రాస్తే మా ఊరోళ్ళు నవ్వుతరు,” అని ఇంటికి ఆ సంగతే రాయలేదు. ఏ ఎడారి దేశమైనా అతనికి దుబాయే. మరుసటి ఏడు కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయాడు.

ఇప్పుడా దారి వెడల్పాటి హైవే. పొగమంచు వస్తుందని ముందే ఫోను చెబుతుంది. ఇరానీ తందూరు లేదు, మా పాత ఇల్లూ లేదు. పక్క గదిలో ఉన్న అమ్మ దగ్గరికెళ్ళి, “రాజయ్య ఇంటిపేరేంటమ్మా? వాళ్ళది ఏ ఊరు?” అని అడిగాను.

అమ్మ మంచం మీంచి తలెత్తి చూసింది.

“అయ్యో,” అంది. “మనం ఎప్పుడూ అడగనే లేదే.”