గోడౌను పునాదిలో దీర్ఘచతురస్రం

తడిమట్టి మీద సున్నపు ముగ్గు పోస్తే సన్నటి ఘాటు లేస్తుంది. నిన్న కోరాపుట్‌లో ఒక బడి భవనానికి పునాది గీతలు గీయిస్తుంటే ఆ వాసన ముక్కుకి తగిలింది. ఇంజనీరునై ఇన్నేళ్ళయినా, ఆ వాసన వస్తే చాలు, మా ఊరు గుడారిలో గోడౌను స్థలం గుర్తొస్తుంది. చీర చెంగు బొడ్లో దోపుకుని, టేపు కొస పట్టుకుని నిలబడ్డ సావిత్రి టీచరుగారు కళ్ళ ముందుకు వస్తారు.

తొంభైల నాటి మాట. మా నాన్నది గుడారిలో చింతపండు, చోళ్ళ టోకు వ్యాపారం. టీచరుగారు ఆడపిల్లల బడికి లెక్కలు చెప్పడానికి బదిలీ మీద వచ్చి మా దుకాణం వెనక గదిలో దిగారు. పదో తరగతి అయ్యాక కోరాపుట్ కాలేజీలో సైన్సు చదవాలని నా పట్టుదల. కానీ అర్ధసంవత్సరం పరీక్షలో లెక్కలు తప్పాను. నాన్న ఆ కాగితం చూసి, "లెక్కలు రాని పిల్లకి సైన్సేటి? పది అయ్యేక ఇంట్లో కూకో" అన్నారు. కోపంతో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించనే లేదు, దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఏడుస్తూ టీచరుగారి గదికి వెళ్ళాను. నాకు లెక్కలు వచ్చని చూపించడానికి, దీర్ఘచతురస్రం కర్ణాలు సమానమని నిరూపించే లెక్క గడగడా అప్పజెప్పాను. ఆవిడ బొమ్మకి అక్షరాలు మార్చారు. నేను పాత అక్షరాలతోనే మళ్ళీ అప్పజెప్పాను. ఆవిడ తిట్టలేదు. పొట్లాలు కట్టే కాగితాన్ని మూల నుంచి మూలకి కత్తిరించి, ఒక ముక్కని తిప్పి రెండోదాని మీద పెట్టారు.

"ఏటి కనబడతంది అమ్మీ?"

"రెండూ ఒకటేనండి."

"ఎవరు సెప్పేరు?"

"కనబడతంది కదండీ."

"నీ కంటికి కనబడింది. నాకు కారణం కావాలి. ఏ భుజం ఏ భుజానికి సమానం? ఎందుకు?"

ఆ 'ఎవరు సెప్పేరు' నన్ను నెలల తరబడి పీక్కుతింది. రాసిన ప్రతి వాక్యం పక్కనా కారణం ఉండాల్సిందే, లేకపోతే కాగితం వెనక్కి వచ్చేది. విసుగొచ్చి ఒకసారి పెన్సిలు విరిచేశాను కూడా. ఆవిడ ఆ రెండు ముక్కలూ చెక్కి నాకే ఇచ్చారు.

ఆ రోజుల్లోనే నాన్న మా ఇంటి ఎదుటి స్థలంలో గోడౌనుకి పునాది మొదలుపెట్టారు. ముందువైపు ఆనుకుని ఉన్న ఇరుపక్కల ఇళ్ళ చూరు నీళ్ళు గోడ మీద పడకూడదని సన్యాసి మేస్త్రి ముందు మూలల మేకులు రెండూ జానెడు చొప్పున లోపలికి జరిపాడు. వెనక మేకులు అలాగే వదిలేశాడు. తర్వాత మూల నుంచి ఎదురు మూలకి రెండువైపులా టేపు పట్టి, "కర్ణాలు కలిసేయి బాబూ. మూలలు సరి. తవ్వించేద్దుం" అన్నాడు. అక్కడి మేస్త్రీలందరి పద్ధతీ అదే. కర్ణాలు కలిశాయంటే ఇక చూసేదేమీ ఉండదు. పైకప్పుకి ఇనుప చట్రాలు అప్పటికే రాయగడలో తయారవుతున్నాయి, అన్నీ ఒకే పొడవువి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న నా నోట్లోంచి మాట జారింది. "సరి అని ఎవరు సెప్పేరు?"

"టేపు సెప్పింది అమ్మీ" అని మేస్త్రి నవ్వాడు.

"వెనక వెడల్పు కొలిసేరా?"

"నువ్వు లోపలికి పో" అని నాన్న విసుక్కున్నారు. అప్పుడే బడి నుంచి వస్తున్న టీచరుగారు ఆగి, టేపు కొస అందుకుని వెనక మేకు దగ్గర నిలబడ్డారు. వెనక వెడల్పు ముందుకంటే మూరెడు ఎక్కువ వచ్చింది.

నాన్న మొహం పాలిపోయింది. "వ్యాపారానికి గోముఖమేటి మేస్త్రీ" అన్నారు. ముందు ఇరుకు, వెనక వెడల్పు ఉంటే గోముఖం. అది ఇంటికి మంచిది, దుకాణానికి కలిసిరాదని మావాళ్ళ నమ్మకం. చట్రాలు ఆ గోడల మీద కూర్చోవన్న సంగతి ఆయనకి ఆ తర్వాతే తట్టింది.

"మరి కర్ణాలెలా కలిసేయి?" మేస్త్రి నిజంగానే తెల్లబోయాడు.

టీచరుగారు నా వైపు తిరిగారు. "కొలత టేపు సెప్పింది. కారణం నువ్వు సెప్పు."

నేల మీద ముగ్గుతో బొమ్మ గీశాను. "పక్క గోడలు రెండూ సమానం. ముందు గీత రెండు త్రిభుజాలకీ ఉమ్మడి. కర్ణాలు సమానం. మూడు భుజాలూ కలిసేయి, అంచేత త్రిభుజాలు సర్వసమానం. ముందు మూలలు రెండూ సమానం. సమానమే గానీ, తొంభై అని ఎవరు సెప్పేరు? వెనక గీత కూడా ముందు గీతంత ఉంటేనే పక్క గోడలు సమాంతరం. అప్పుడే ఆ రెండు మూలలూ కలిపి నూట ఎనభై, ఒక్కోటీ తొంభై."

మేస్త్రి గీతలు చూసి, వెళ్ళి వెనక మేకులు రెండూ జానెడు చొప్పున లోపలికి జరిపాడు. మళ్ళీ అన్నీ కొలిచారు. ఈసారి టేపు కొస నాన్నే నా చేతికిచ్చారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు. మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ నాన్న అమ్మతో, "కోరాపుట్‌లో ఆడపిల్లలకి హాస్టలుందేమో టీచరమ్మని అడుగు. లెక్కల్లో ఫస్టు క్లాసు వస్తేనే సుమా" అన్నారు.

వేసవిలో ఫలితాలొచ్చాయి. పరుగెత్తుకెళ్ళి, "ఫస్టు క్లాసు వచ్చింది టీచర్" అన్నాను.

"ఎవరు సెప్పేరు?"

మార్కుల కాగితం జెరాక్సు ఆవిడ చేతిలో పెట్టాను. ప్రతి గీతా రెండేసిసార్లు చదివారు. పెన్ను తీసి అడుగున ఒక్క మాట రాసి, నన్ను దగ్గరికి లాక్కున్నారు. ఆవిడ కంట్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు.

రెండు వేల సంవత్సరం దాటాక దసమంతపూర్‌లో నా మొదటి భవనానికి ముగ్గు పోయించిన నాటి నుంచీ ఆ కాగితం నా టేపు పెట్టెలోనే ఉంటోంది. నిన్న మేస్త్రి "కర్ణాలు కలిసేయి మేడమ్" అన్నాడు. నాలుగు వైపులూ దగ్గరుండి కొలిపించాకే తవ్వమన్నాను. పెట్టె మూసే ముందు మడత విప్పి, టీచరుగారి చేతిరాత మరోసారి చదువుకున్నాను: నిరూపించబడినది.