తడి సీసాల్లో ఆపిల్ గుజ్జు

మా అత్తకు పళ్ళన్నీ పీకించిన నెలలో మా ఇంటికి వచ్చినన్ని ఆపిల్ పండ్లు అంతకు ముందెన్నడూ రాలేదు. వాషర్‌మెన్‌పేటలో మాది పప్పుల టోకు వ్యాపారం. బంధువులు, బజారువాళ్ళు, మామగారి పాత స్నేహితులు, ఎవరొచ్చినా చేతిలో ఆపిల్ పొట్లమే. ఒంట్లో బాగాలేనివాళ్ళను చూడబోతే ఆపిలే తీసుకుపోవాలని ఎవరు పెట్టారో ఆ రివాజు! నోట్లో పన్నే లేని మనిషి దాన్ని ఎట్లా కొరుకుతుందని ఒక్కరికీ తట్టలేదు. అత్త ఆ పండ్లను చేత్తో తడిమి, "కొలువులో బొమ్మల పక్కన పెట్టండి, బాగుంటాది" అనేది. చిగుళ్ళు చీము పట్టి, దాంతో జ్వరం తగులుకుని మనిషి సగమైనా నోటి దురుసు మాత్రం తగ్గలేదు.

ఆ ఇంట్లో నేను పెద్దకోడల్ని. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే అత్త తన ఊరగాయ జాడీలు నాకు అప్పగించింది. మా కుటుంబాల్లో ఊరగాయలో ఒక్కరి చెయ్యే పడాలి, ఇంకొకరు ముడితే చెడిపోతుందని నమ్మకం. అందుకని ఆ ఇంట్లో నిలవ ఉండాల్సింది ఏదైనా నా చేతి మీదుగానే పోవాలి. జాడీలు మిద్దె మీద ఎండబెట్టేది నేనే, పొడిగుడ్డతో తుడిచేది నేనే, మూతికి వాసెన గుడ్డ బిగించి కట్టేది నేనే. తడి గరిటెతో మామగారు జాడీ దగ్గరికి వచ్చినా సరే కసిరేదాన్ని. అత్త వచ్చినవాళ్ళందరికీ, "మా పెద్దమ్మాయి పెట్టిన ఊరగాయ ఏళ్ళు గడిచినా చెడదు" అని చెప్పుకునేది. ఆ మాట వినడానికే నేను వంటింట్లోంచి ముందుగదిలోకి మంచినీళ్ళు పట్టుకుని వచ్చేదాన్ని.

అట్లాంటి ఇంటికి మా మరిది పెళ్ళాం వచ్చింది. అడయారు వైపు పెరిగిన పిల్ల, కాలేజీలో హోంసైన్సు చదివింది. మెల్లగా మాట్లాడుతుంది, నన్ను అక్కా అని పిలుస్తుంది, ఎదురు చెప్పదు. వంక పెట్టడానికి వీల్లేని తోటికోడలు దొరకడం కంటే కష్టం ఇంకొకటి లేదు. పడితే తెలుస్తుంది.

ఒకనాటి మధ్యాహ్నం ఆ పిల్ల పండ్ల బుట్ట ముందు కూచుని, "అక్కా, ఇవంతా కుళ్ళిపోతా ఉండాయి. ఆపిల్ సాసు చేసి సీసాల్లో పెట్టేస్తాను. అత్తమ్మకు మెత్తంగా ఉంటాది" అంది.

సాసంటే బజ్జీల పక్కన పోసే ఎర్రటిదని నా లెక్క. "అత్తకు కారం ఆగదు" అన్నాను.

"కారం కాదక్కా, తీపి."

నవ్వనైనా నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు ఒక పట్టు దొరికేది.

పండ్లను తొక్కతోనే తరిగింది. కాసిన్ని నీళ్ళు పోసి మూత పెట్టి ఉడకనిచ్చింది. అవి చితికాక జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే తొక్కలూ గింజలూ పైన నిలిచి, కింద గిన్నెలోకి మెత్తటి గుజ్జు దిగింది. అందులో చక్కెర, నిమ్మరసం వేసి మళ్ళీ పొయ్యెక్కించింది. అంతవరకూ నేనేమీ అనలేదు. సీసాలను మరిగే నీళ్ళలోంచి పట్టకారుతో తీసి, తుడవకుండా, నీళ్ళు కారుతుండగానే వాటిలో కుతకుతలాడే గుజ్జు పోసింది. రబ్బరు చుట్టు ఉన్న మూతలు బిగించి, ఆ సీసాలను తీసుకుపోయి మళ్ళీ నీళ్ళలోనే నిలబెట్టి ఉడికించింది.

"తడి సీసాలోనా? నాలుగునాళ్ళకే బూజు పడతాది చూడు మే!" అన్నాను.

"పడదక్కా" అంది, అంతే.

బూజు కోసం ఎదురుచూశాను. రోజూ పొద్దున్నే అలమర తీసి, ఒక్కో సీసానూ కిటికీ వెలుతురుకు పట్టి చూసేదాన్ని. ఆ రోజుల్లో దేవుడి పటాల ముందు కంటే ఆ అలమర ముందే ఎక్కువసేపు నిలబడ్డాను. ఒక చుక్కైనా రాలేదు. గుజ్జు తేనె రంగులో నిగనిగలాడుతూ నన్నే చూస్తున్నట్టుండేది.

అత్త మాత్రం దాన్ని వదల్లేదు. నేను కలిపి పెట్టిన మెత్తన్నం రెండు ముద్దలకే చాలనే మనిషి, ఆ పిల్ల చెంచాకు పసిబిడ్డలాగా నోరు తెరిచేది. "ఇంకొంచెం పెట్టు మే, రొంబ బాగుండాది" అని అడిగి మరీ తినేది. చూడవచ్చినవాళ్ళతో, "మా చిన్నమ్మాయి చేసినాది. ఉప్పు లేదు, నూనె లేదు, అయినా చెడలేదు చూడండి" అని చెప్పేది. నా ఊరగాయ గురించి చెప్పిన గొంతే అది. మంచినీళ్ళు పట్టుకుని వచ్చినదాన్ని వచ్చినట్టే వంటింట్లోకి తిరిగిపోయాను. అది అసూయ, దానికి వేరే ముద్దుపేరు పెట్టను. పళ్ళు లేని నోటికి ఊరగాయ పనికిరాదు. అంటే అన్నేళ్ళుగా నేను చేసిందేదీ ఇక ఆమెకు పనికిరాదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేసిందే పనికొస్తుంది. ఈ లెక్క నా నిద్ర చెడగొట్టింది.

ఇంతలో నెలలు దగ్గరపడి ఆ పిల్ల పురిటికి పుట్టింటికి వెళ్ళింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను పాయసం చేశాను. కానీ సీసాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరిది కూడా అయిపోయాక అత్త మళ్ళీ ముద్ద ముట్టడం మానేసింది. డాక్టరు వచ్చి నాడి చూసి, ఇట్లాగే నీరసపడితే ఆసుపత్రిలో చేర్చి నరానికి సూది పెట్టాల్సిందేనన్నాడు. ఆసుపత్రి అంటే అత్తకు హడలు.

"రోజూ కాస్త ఉడికించి పెడితే పోదా?" అన్నారు మా ఆయన. పోయేదే. కానీ ఆ అలమరలో నా సీసాలు బారుగా నిలబడితే గాని నా మనసు చల్లబడదని ఆయనకేం తెలుసు?

పండ్లు తెప్పించి గుజ్జు చేశాను. సీసాలు మాత్రం నా పద్ధతిలో పెట్టాను. కడిగి మిద్దె మీద రెండెండలు పడనిచ్చాను, పొడిగుడ్డతో లోపలంతా తుడిచాను. గుజ్జును పూర్తిగా చల్లారనిచ్చాను. వేడిగా ఉండగా మూత పెడితే ఆవిరి పట్టి నీళ్ళు దిగుతాయని మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరిన సీసాల్లో ఆరిన గుజ్జు నింపి, మూతులకు వాసెన కట్టి, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా అలమరలో పెట్టాను. అంత శుద్ధిగా ఆ పిల్ల జన్మలో చేయలేదని అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక సీసా విప్పి అత్తకు చెంచాడు పెట్టాను. నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేసింది.

"థూ, కల్లు మాదిరి ఉండాది! నీకు రాదులే, గమ్మునుండు. చిన్నమ్మాయి వస్తే చేస్తాది."

మిగతా సీసాలు చూస్తే అన్నింట్లోనూ నురగ. ఆ తరవాత నేను ఏ గిన్నె పట్టుకుపోయినా అత్త ముందు వాసన చూసి, ముఖం తిప్పుకునేది.

ఇంటికి ఫోను లేదు, కొట్లో ఉంది. గుమాస్తాలందరూ వింటుండగా అక్కడ నిలబడి ఆ పిల్ల పుట్టింటికి ఫోను చేశాను. పుట్టిన బిడ్డ పాలు తాగుతోందా, నిద్రపోతోందా అని అన్నీ అడిగి అడిగి, చివరికి "ఆ సాసు ఎట్లా చేస్తావో చెప్పు" అన్నాను.

"సీసా ఆరనీయద్దక్కా. తడితోనే, వేడివేడిగా పోసేయండి. చల్లారితేనే పులుస్తాది. పైన ఒక వేలంత ఖాళీ వదలండి" అంటూ అంతా విడమరచి చెప్పింది. చివర్లో, "అత్తమ్మకు మీ చేత్తో పెట్టండక్కా, తింటాది" అంది. దెప్పి ఉంటే తిట్టేదాన్ని. అంత మంచితనం చూపిస్తే నేనేం చేయను? ఫోను పెట్టేసి గుమాస్తాల మీద అరిచాను.

చెప్పింది చెప్పినట్టు చేశాను. మరిగే నీళ్ళలోంచి తీసిన తడి సీసాలో గుజ్జు పోస్తుంటే నా చెయ్యి నా మాట వినలేదు, తువ్వాలు కోసం దానంతటదే ముందుకు పోయింది. బలవంతాన వెనక్కి లాక్కున్నాను. మూత బిగించి, నీళ్ళలో ఉడికించి, వారం ఆగాను. నురగ లేదు, మచ్చ లేదు. అచ్చం ఆ పిల్ల సీసాలే. కాదు, నావి.

ఒక సీసా తీసుకుపోయి అత్త మంచం పక్కనే మూత తీశాను. వాసన చూసింది. ముఖం తిప్పుకోలేదు. చెంచా పెట్టాను. చిగుళ్ళతో నెమ్మదిగా చప్పరించింది. మింగింది. ఎన్నో రోజులుగా చూడని కళ వచ్చింది ఆ ముఖంలోకి.

"చిన్నమ్మాయి వచ్చేసినాదా? నాకు చెప్పనే లేదే! యాడుండాది?"

నాలుక చివరిదాకా వచ్చింది, ఇది నేను చేశాను అత్తా అని. ఆ మాట అంటే ఆ నోరు మళ్ళీ మూసుకుంటుందేమో. రెండో చెంచా నింపి పట్టుకున్నాను.

"ఆమా అత్తా, వచ్చినాది. లోపల బిడ్డకు పాలిస్తా ఉండాది" అన్నాను.

అత్త నోరు తెరిచింది.