హైమావతి గారికి డ్రైవింగ్ వచ్చు

రెండు వేల సంవత్సరంలో సింగపూర్‌లోని అలెగ్జాండ్రా రోడ్డు మీద ఒక కార్ల షోరూమ్‌లో నేను సేల్స్‌మన్‌ని. ఆ ఏడాది హైమావతి గారనే ఒకావిడకు చెప్పాల్సిన మాట చెప్పకుండా కారు అమ్మాను. ఆ తర్వాత పదేళ్లపాటు ఇక్కడి మన తెలుగువాళ్లలో ఆవిడకు డ్రైవింగ్ రాదన్న పేరు స్థిరపడిపోయింది. అది అబద్ధం. ఆ పదేళ్లూ అబద్ధమని తెలిసినవాణ్ణి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే. కార్ల అమ్మకం అనుభవాలు రాయమని మన సంఘం పత్రికవాళ్లు అడిగితే రాయడానికి సరదా కబుర్లు చాలానే ఉన్నాయి. కానీ ముందు ఇది రాయకపోతే మిగతావి రాసే హక్కు నాకు లేదనిపించింది.

ఆ రోజులు ఎలాంటివో చెప్పాలి. కొత్త సంవత్సరంతో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం తీరిపోయింది. బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు ప్రోగ్రామర్ల కోసం ఎగబడుతున్నాయి. శనివారం పొద్దున షోరూమ్ తలుపు తీసేసరికి మెడలో ఆఫీసు కార్డుతోనే వచ్చేసినవాళ్లు బయట నిలబడి ఉండేవారు. ఈ దేశంలో కారు కొనాలంటే ముందు కారు ఉంచుకునే హక్కును వేలంలో పాడుకోవాలి. దాన్ని సీఓఈ అంటారు, పదేళ్లు చెల్లుతుంది. వేలం ఫలితాలు వచ్చిన రోజు షోరూమ్‌లో క్రికెట్ మ్యాచ్ గెలిచినంత గోల. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. మేనేజర్ గది బయట ఒక తెల్లబోర్డు ఉండేది. ఎవరు ఎన్ని కార్లు అమ్మారో రోజూ దాని మీద రాసేవారు. ఆ నెలలో నా పేరు రెండో స్థానంలో ఉంది.

సుధాకర్ గారు ఒంగోలు మనిషి. ఒక బ్యాంకులో ప్రోగ్రామర్. బెడోక్‌లో ఫ్లాటు. ఆయన ఆఫీసుకు ట్రైన్ నేరుగా వెళ్తుంది. ఆయన భార్య హైమావతి గారు ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. ఆవిడకు యీషున్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. బెడోక్ తూర్పున, యీషున్ ఉత్తరాన. పాపను దింపి, బస్సు ఎక్కి, ట్రైన్ మారి వెళ్తే పని మొదలయ్యే వేళకు చేరడం కుదరదు. కారు ఉంటేనే ఆ ఉద్యోగం. అంటే ఆ కారు నడపబోయేది ఆవిడే.

కానీ మన తెలుగు కుటుంబాలు కారు చూడ్డానికి వచ్చే తీరు ఒకటుంది. ఎవరు నడపబోతున్నా సరే, టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ దగ్గర భర్త, పక్కన సేల్స్‌మన్, వెనక సీట్లో భార్యాపిల్లలు. సంతకం పెట్టేవాడికే స్టీరింగ్ ఇవ్వమని మాకు ట్రైనింగ్‌లో చెప్పేవారు. రెండు అలవాట్లూ చక్కగా అతికేవి.

ఒక శనివారం వాళ్లు వచ్చారు. సుధాకర్ గారి చేతిలో ఆఫీసులో ప్రింట్ తీసిన పట్టిక, ముప్పై రెండు వరుసలు. ఒక నిలువు వరుస మా కారుకు, ఇంకోటి రోడ్డవతలి షోరూమ్ కారుకు. రెండూ జపాన్ సెడాన్‌లే. ఆ ఏడాది ఏ అపార్ట్‌మెంట్ బ్లాకు కింద చూసినా ఈ రెండే కనిపించేవి. ఏది మేలన్న వాదన మనవాళ్ల ప్రతి భోజనంలోనూ నడిచేది. కంపెనీల పేర్లు రాయను, తప్పు కార్లది కాదు.

“చూడు తమ్ముడూ, నువ్వు మనోడివి. సేల్స్ మాటలు నాకొద్దు. నంబర్లు చెప్పు,” అన్నారు సుధాకర్ గారు.

“నన్ను చూడ్డానికొచ్చినప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదండీ ఈయన. ఉప్మా తినేసి వెళ్లిపోయారు,” అంది హైమావతి గారు.

“అప్పుడు పోల్చుకోడానికి రెండో మోడల్ లేదుగా!”

ఆ రోజంత హుషారుగా నేను ఏ టెస్ట్ డ్రైవూ చేయించలేదు. ఆయన ఇంటినుంచి టేపు తెచ్చుకున్నారు. బూట్, అంటే మనం డిక్కీ అనేది, కొలిచారు. అంతటితో ఆగకుండా బియ్యం బస్తాలు రెండు, పాప సైకిలు తెచ్చి అందులో పెట్టి చూశారు. మా దాంట్లో రెండూ పట్టాయి. అవతలి కారులో సైకిలు చక్రం బయటికి వచ్చిందట. మిట్టమధ్యాహ్నం కారును పావుగంట ఎండలో ఉంచి, ఏసీ వేసి, ఎన్ని సెకన్లకు చల్లబడుతుందో వాచీ పెట్టి చూశారు. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కగానే ఆయన కాలు నొక్కారు. ఇంజిన్ సన్నగా పాడింది, అందరికీ నవ్వు వచ్చింది. వెనకనుంచి ఏడేళ్ల ప్రణతి, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో అరిచింది. “నాన్నా, ఫాస్టర్ లా! దట్ ఫ్రంట్ కార్ సో స్లో!”

“మెల్లిగా. మూడోసారికి గాని లైసెన్సు రాలేదు మీకు,” అంది హైమావతి గారు.

“పాపముందు చెప్పమాక!”

ఆవిడ మొదటిసారికే పాసైందని అప్పుడే తెలిసింది నాకు.

షోరూమ్‌కు తిరిగొచ్చి లెక్క వేస్తే అవతలి కారుకు ఒక్క మార్కు ఎక్కువ. ఇంజిన్ దానిది మేలు, స్టీరింగ్ తేలిక. ఆయన పట్టిక మడుస్తుంటే ఆవిడ లేచింది.

“నేనొకసారి నడిపి చూస్తా.”

“నువ్వెందుకే, నేను చూశాగా.”

“రోజూ నడిపేది నేనుగా.”

“రండమ్మా, తప్పకుండా,” అంటూ నేను ముందుగా బయటికి వెళ్లాను. ఆవిడ ఎత్తు ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. డ్రైవర్ సీటు పక్కనున్న లివర్‌ను నాలుగైదుసార్లు లాగి సీటును పూర్తిగా పైకి లేపాను. ఆవిడ వచ్చి కూర్చునేసరికి అంతా అమర్చి ఉంది. వీధి చివరిదాకా వెళ్లి, మలుపు తిప్పుకుని, రెండు కార్ల మధ్యనున్న ఇరుకు చోట్లో ఒక్క ప్రయత్నంలో వెనక్కి పెట్టేసింది. నేను టెస్ట్ డ్రైవ్ చేయించినవాళ్లలో అంత శుభ్రంగా పెట్టలేదు ఎవరూ.

“బలే కనిపిస్తోందండీ రోడ్డు. కూర్చోగానే కుదిరిపోయింది. అవతలి కారులో సీటు నేనే ఎత్తుకోవాల్సి వచ్చింది,” అంది సంబరంగా. వెంటనే అడిగింది. “మాకొచ్చేదీ ఇదే కదా?”

“ఇదే మోడలండీ,” అన్నాను.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఒకే మోడల్‌లో హంగుల్ని బట్టి రెండు మూడు రకాలుంటాయి, వాటిని వేరియంట్‌లు అంటారు. టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చే డెమో కారు ఎప్పుడూ అన్నిటికంటే పై వేరియంట్. వాళ్లకు రాబోయేది మధ్య వేరియంట్. సీటు ఎత్తే లివర్ దానికి లేదు. అవతలి కంపెనీవాళ్లు అన్ని వేరియంట్లలోనూ ఆ లివర్ ఇచ్చేవారు. ట్రైనింగ్‌లో ఇచ్చిన మా కారు బలహీనతల జాబితాలో ఆ సంగతి చదివి పరీక్ష కూడా రాశాను. పై వేరియంట్ కావాలంటే మూడు నెలలు ఆగాలి. ఆవిడ నెల రోజుల్లో ఉద్యోగంలో చేరాలి. ఉన్నమాట చెబితే వాళ్లు రోడ్డు దాటి వెళ్లిపోతారు. మా మేనేజర్ కొత్తవాళ్లకు చెప్పే పాఠం ఒకటే. “కస్టమర్ డోంట్ ఆస్క్, యూ డోంట్ టెల్, లా.” ఆవిడ అడిగింది. అయినా నేను చెప్పలేదు.

ముప్పై మూడో వరుసగా పెన్నుతో ‘హైమకు నచ్చింది’ అని రాసి, సుధాకర్ గారు మా కారుకు రెండు మార్కులు వేశారు. సంతకం అయిపోయింది. సాయంత్రానికి బోర్డు మీద నా పేరు మొదటిది.

కారు తీసుకునే రోజు ఇంకా పండగ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్ మీద పసుపు కుంకుమ, తారు మీద కొబ్బరికాయ. మా చైనీస్ సహోద్యోగులంతా చేరి చప్పట్లు కొట్టారు. ఇంటిదాకా సుధాకర్ గారే నడిపారు. ఆవిడ ఆ సీట్లో కూర్చున్నది సోమవారం పొద్దున, ఉద్యోగానికి వెళ్లేటప్పుడు.

రెండు నెలలకు కారు మా వర్క్‌షాప్‌కు వచ్చింది. బెడోక్ బహుళ అంతస్తుల పార్కింగ్‌లో ఎడమ తలుపులు రెండూ స్తంభానికి రాసుకుపోయాయి. అది రెండోసారట. డ్రైవర్ సీటు మీద మడతపెట్టిన దిండు ఉంది. దాన్ని చూడగానే నాకంతా అర్థమైంది.

“అలవాటులేని పని పెట్టుకుంటే ఇంతే తమ్ముడూ,” అన్నారు సుధాకర్ గారు.

ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. “మూర్తి గారూ, ఆ రోజు షోరూమ్‌లో రోడ్డంతా కనిపించింది. దీంట్లో బానెట్ తప్ప ఏమీ కనిపించట్లా. దిండేసుకుంటే జారిపోతోంది. నాలోనే ఏదన్నా లోపముందా?”

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. సీటు మార్పించే దారి వెతకొచ్చు, కనీసం లోపం ఆవిడది కాదనొచ్చు. చెబితే అమ్మినప్పుడు దాచానని ఒప్పుకోవాలి.

“కొత్తలో అందరికీ అంతేనండీ. అలవాటవుతుంది,” అన్నాను.

అలవాటు కాలేదు. మూడోసారి పార్కింగ్ గేటుకు తగిలించాక సుధాకర్ గారు తాళాలు తీసేసుకున్నారు. ఆవిడ కొన్నాళ్లు బస్సుల్లో పరిగెత్తి, ఆలస్యాలకు మాటలు పడి, ఉద్యోగం మానేసింది. మళ్లీ ఏ ల్యాబ్‌లోనూ చేరలేదు. ఎవరైనా కారు వంకరగా పెడితే “ఏంటి, హైమావతి పార్కింగా?” అనడం మనవాళ్ల పిక్నిక్‌లలో మామూలైపోయింది. కస్టమర్లను నవ్వించడానికి ఆ మాట నేనూ వాడాను. ఒకసారి కాదు.

పదేళ్లు గడిచి ఆ కారు సీఓఈ తీరిపోయింది. సుధాకర్ గారు కొత్త కారుకు మళ్లీ నా దగ్గరికే వచ్చారు. ఈసారీ రెండు సెడాన్‌ల పోటీయే, కాకపోతే పట్టిక ల్యాప్‌టాప్‌లో ఉంది. నేనప్పటికి మేనేజర్ని. ఆయన కొత్త కారు చుట్టూ తిరుగుతుంటే హైమావతి గారు సోఫాలో కూర్చుని పత్రిక తిరగేస్తోంది. మర్యాదకు అడిగాను, ఒకసారి కూర్చుని చూడమని. ఆవిడకంటే ముందు ప్రణతి జవాబిచ్చింది. పదిహేడేళ్ల పిల్ల, నవ్వుతూనే అంది.

“అంకుల్, అమ్మకి డ్రైవింగ్ రాదు లా. ఎవ్రీబడీ నోస్.”

హైమావతి గారు తలెత్తలేదు. పత్రికలో పేజీ తిప్పింది.

నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. డెమో కారు, లివర్, జాబితా, దిండు అన్నీ వరసగా చెప్పేశాను. ఆవిడ పత్రిక మూసి పక్కన పెట్టింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, పర్సులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టింది. డ్రైవింగ్ లైసెన్సు. పదేళ్లుగా పర్సులోనే పెట్టుకు తిరిగిందన్నమాట.

“తాళాలు ఇవ్వండి,” అంది.

సుధాకర్ గారు పరుగెత్తుకొచ్చారు. “ఏందే ఇది? ఇప్పుడెందుకు?”

“మీరు వెనక కూర్చోండి.”

లివర్ ఎక్కడుందో నేను చూపించబోతే నా చెయ్యి తప్పించి తనే లాగింది. మొదటి సిగ్నల్ దాకా బిగుసుకుని నడిపింది. రెండో సిగ్నల్ దాటాక భుజాలు దిగాయి. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ఎక్కే చోట పక్కనుంచి లారీ వస్తుంటే నేను కాలితో లేని బ్రేకు నొక్కాను. ఆవిడ అద్దంలో చూసి, సందు పట్టి, చక్కగా బండ్ల వరసలో కలిసిపోయింది. వెనకనుంచి ప్రణతి “అమ్మా! వా, సో స్టెడీ!” అని ఒకటే కేకలు. సుధాకర్ గారు ముందు సీటు గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఇన్నేళ్ల వృత్తిలో నేను కూర్చున్న టెస్ట్ డ్రైవ్‌లన్నిటిలో అంత సంతోషం, అంత సిగ్గు ఒకేసారి కలిగింది అదొక్కటే.

తిరిగొచ్చి రెండు కార్ల మధ్య ఒక్క ప్రయత్నంలో పెట్టింది. ఇంజిన్ ఆపి నావైపు తిరిగింది.

“నాకు చెప్పారు, సరే. నాకు చెబితే చాలా? పదేళ్లు నవ్వింది నేనా? ఆదివారం ఈస్ట్ కోస్ట్ పార్కులో అందరం భోజనాలకు కలుస్తున్నాం. నవ్వినోళ్లంతా వస్తారు. వచ్చి అక్కడ చెప్పండి.”

మా పని నాకు నేర్పింది ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. కారు ఎవరు నడుపుతారో ముందు కనుక్కోవాలి, వాళ్లకు ఇవ్వబోయే కారులోనే వాళ్లను కూర్చోబెట్టాలి. ఇప్పుడు నా షోరూమ్‌లో అదే నియమం. దానివల్ల పోయిన బేరాలున్నాయి, పోనీ అనుకున్నాను. కానీ హైమావతి గారి ఉద్యోగం ఏ నియమంతోనూ తిరిగి రాదు.

ఆదివారం వెళ్లాను. పులిహోర, చికెన్, ప్లాస్టిక్ కుర్చీలు, నలభైమంది. నేను లేచి నిలబడితే ఎవరో అన్నారు. “ఏంది మూర్తీ, ఇక్కడ కూడా కార్లు అమ్ముతావా?” అందరూ నవ్వారు. హైమావతి గారు ప్లేటు కింద పెట్టి, “చెప్పనివ్వండి,” అంది. అప్పుడు చెప్పాను.

“ఆవిడకు చూపించిన కారు వేరు, ఇచ్చిన కారు వేరు. చూపించినదాంట్లో సీటు పైకి లేస్తుంది, ఇచ్చినదాంట్లో లేవదు. అది నాకు అమ్మిన రోజే తెలుసు. ఆవిడ స్తంభానికి తగిలించింది డ్రైవింగ్ రాక కాదు, ముందు దారి కనపడక. కనపడట్లేదని నా ముందే అంటే, అలవాటవుతుందని అబద్ధమాడాను. ఆ తర్వాత మీతో కలిసి నేనూ నవ్వాను. ఆవిడ ఉద్యోగం పోయింది నావల్ల. హైమావతి గారూ, మీకు డ్రైవింగ్ బాగా వచ్చు, ఆ రోజూ వచ్చు. తప్పు నాది. నన్ను క్షమించండి.”