“భయం నేదనే రాసీండి”

ఈవేళ నా పరిశోధనంతా ఒక టీకొట్టు దగ్గర తలకిందులైంది.

నేను విజయనగరంలో కామర్సు లెక్చరర్ని. యాజమాన్యం గురించి జూట్ మిల్లు కార్మికులు ఏమనుకుంటున్నారన్నది నా డాక్టరేటు విషయం. మొదటిరోజు మేనేజరు గారు తన జీపులో ఎక్కించుకుని మిల్లంతా తిప్పితే పొంగిపోయాను. రాసింది ముందు తనకు చూపించమంటే సరేనన్నాను. ఆ తర్వాత ఎవర్ని అడిగినా ఒకటే జవాబు, “అంతా బాగున్నాది బాబూ” అని. ఈ జవాబులు పట్టుకుని వాల్తేరు యూనివర్సిటీలో మా గైడు ముందు నిలబడటం తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

అందుకే ఇవాళ సైకిలు మీద మిల్లు గేటు ముందున్న టీకొట్టుకు వెళ్లి, షిఫ్టు దిగి టీ తాగుతున్న కార్మికుడు అప్పన్న పక్కన కూర్చున్నాను. బల్ల మీదున్న మిగతావాళ్లు గ్లాసులతో సహా లేచిపోయారు.

“నిజం చెప్పు అప్పన్నా, నేనంటే మీకు భయమా?”

“భయమేటి బాబూ? భయం నేదనే రాసీండి” అన్నాడు. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి గొంతు తగ్గించాడు. “నా పేరు గానీ రాసినారేటి? మా తమ్ముడికి మిల్లులో పని ఇంకా పర్మినెంటు అవనేదు.”

రాయలేదని కాగితం చూపించాను. చదవడం రాకపోయినా దాన్ని చాలాసేపు చూశాడు.

ఈవేళ చూసింది రాస్తే నా థీసిస్ నిలబడుతుంది. అది మేనేజరు గారు చదివాక అతని తమ్ముడి పని నిలబడుతుందో లేదో తెలియదు. మీరైతే ఏం రాస్తారు? చెప్పండి, పేరు అడగను.