తావుర్యా అంగలు

చివ్వెంల పక్క తండాలో తావుర్యా చేనుకు బయలుదేరితే జనం పనులాపి చూసేవాళ్లు. పంతొమ్మిది వందల తొంభైలో శ్రీలంక యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి అతను. అక్కడ మందుపాతరల మధ్య, ముందువాడి అడుగులో అడుగేసినవాళ్లే బతికారట. ఇక్కడా కొత్తగా కదిలిన మట్టి కనిపిస్తే ఆగి కర్రతో పొడిచి చూస్తాడు. ఎలుక తవ్విందైనా సరే, ఆ మర్యాద తప్పదు. "నా అడుగులనే అడుగెయ్యి. పక్కకు పెడితే ఖతం," అని భార్య సాలికి రోజూ ఆర్డరు. అతను ఆరడుగుల మనిషి, వేసేవి బారెడు అంగలు. సాలి పొట్టిది. నెత్తిన సద్దిమూటతో, కాళ్ల కడియాలు ఘల్లుమనేలా ఒక అడుగులోంచి ఇంకో అడుగులోకి ఎగిరేది. "కప్పను చేసుకున్నవా మరిదీ?" అని వదిన రంగి కడుపు పట్టుకుని నవ్వేది. అతను వెనక్కి చూస్తేగా!

ఒకసారి జ్వరమొచ్చి వాకిట్లో మంచం పట్టాడు. మూడోనాడు కళ్లు తెరిస్తే, ఎదురుగా చేన్లో సాలి ఒక్కతే పోతోంది. రంగి గట్టు మీంచి కేకేసింది: "ఇయ్యాల నీ మిలిటరోడు లేడు గదనే, జర సక్కగ నడువరాదు!"

"ఆయన మొన్నటి అడుగులు ఇంక ఉన్నయ్ గదా," అంటూ సాలి ఘల్లున ఎగిరింది.

తావుర్యా దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

జ్వరం తగ్గాక మళ్లీ తనే ముందు నడిచాడు. కర్రతో పొడవడమూ మానలేదు. కాని ఆ ఆరడుగుల మనిషి ఇప్పుడు నడక నేర్చే పిల్లాడిలా జానెడు జానెడు అడుగులు వేస్తున్నాడు.

"మిలిటరీల గిదేనా నేర్పింది?" అంది రంగి.

వెనకే నడిచొస్తున్న సాలి కడియాలు ఘల్లుమనలేదు.